వెంటిలేటర్ మీదున్న నాన్నగారికి స్టెమ్ సెల్స్ ఎక్కించాలా? ఎకరం అమ్మకముందు ఇది చదవండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాన్నగారికి 58 ఏళ్ళు, షుగర్ ఉంది, స్వైన్ ఫ్లూ ముదిరి ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు రెండూ తెల్లగా అయిపోయాయి, ఖమ్మం నుంచి హైదరాబాద్ తెచ్చారు, వెంటిలేటర్ మీద ఇవాళ్టికి 8వ రోజు. మీ బాబాయికి తెలిసినతను ఒకడు వచ్చి, బొడ్డుతాడు నుంచి తీసిన స్టెమ్ సెల్స్ 3 డోసులు ఎక్కిస్తే పాడైన ఊపిరితిత్తులు మళ్ళీ పుట్టుకొస్తాయని, అమెరికాలో ఇలా చేస్తే నూటికి 91 మంది బతికారని, 9 లక్షలు సిద్ధం చేసుకోమని చెప్పాడు. రోడ్డు పక్క ఎకరం బేరానికి పెట్టాలా అని మీ ప్రశ్న.

పెట్టొద్దు. మీకు టైమ్ లేదు కాబట్టి జవాబు ముందే చెప్పేశాను. కారణాలు తీరిగ్గా చదవండి, బాబాయికి కూడా చదివి వినిపించండి, ఎందుకంటే రేపు "డబ్బుకి చూసుకున్నాడు" అనే మాట మీ మీదికే వస్తుంది.

నేను ఐసీయూ డాక్టర్ని కాను. కణాలు పెంచే ల్యాబ్‌లో 14 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. కోవిడ్ రోజుల్లో ఇలాంటి ట్రయల్ ఒకదానికి కణాలు కరిగించి, లెక్కపెట్టి, డబ్బా పట్టుకుని ఐసీయూ గుమ్మం దాకా మోసినదాన్ని. ఈ వైద్యం బూటకం అని నేను అనను, నా తిండే దాని మీద. కానీ అతను మీకు అమ్ముతున్నదీ, మేం పరీక్షించినదీ ఒకటి కావు. మేం పరీక్షించినదాని ఫలితమే అంతంతమాత్రం.

ముందు నాన్నగారి ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతోందో చూడండి. లోపల కోట్ల సంఖ్యలో చిన్న చిన్న గాలి గదులు ఉంటాయి. ఒక పక్క గాలి, ఇంకో పక్క రక్తం, మధ్యలో గోడ వెంట్రుకలో వందో వంతు మందం. ఫ్లూ వైరస్ ఆ గోడ కణాల్లో దూరి వాటిని చంపుతుంది. వైరస్ వాటా అంతవరకే. దాన్ని తరమడానికి వచ్చిన మన తెల్ల కణాలు అక్కడితో ఆగకుండా, కంచే చేను మేసినట్టు, బాగున్న గోడని కూడా చిల్లులు పొడుస్తాయి, రక్తంలోని నీరూ ప్రోటీనూ గాలి గదుల్లోకి కారిపోతాయి, ఇక గాలి ఎంత పంపినా ఆక్సిజన్ రక్తంలోకి దిగదు. దీన్నే ఆర్డ్స్ అంటారు, 1967లో అమెరికాలో డెన్వర్ డాక్టర్లు 12 మంది రోగుల్ని చూసి మొదటిసారి వర్ణించారు. ఫ్లూ వల్ల రావచ్చు, కోవిడ్ వల్ల రావచ్చు, పాంక్రియాస్ వాచినా రావచ్చు. అంటే నాన్నగారి పోరు ఇప్పుడు వైరస్‌తో ఎంతో, సొంత సైన్యంతోనూ అంతే.

ఇక ఆ కణాల సంగతి. స్టెమ్ సెల్ అనగానే అందరికీ విత్తనం గుర్తొస్తుంది, ఎక్కడ చల్లితే అక్కడ మొలుస్తుందని. ఆ ఊహ మీదే వీళ్ళ వ్యాపారమంతా. మీకు చెబుతున్నవి మీసెంకైమల్ కణాలు, మేం ల్యాబ్‌లో ఎమ్మెస్సీలు అంటాం. ఎముక మజ్జలో దొరుకుతాయి, కొవ్వులో దొరుకుతాయి, బొడ్డుతాడులో ఉండే జెల్లీలాంటి పదార్థంలో బాగా దొరుకుతాయి. (డెలివరీ టైమ్‌లో దాచమని మీదపడి అమ్మే బొడ్డుతాడు రక్తం వేరే సరుకు, రెండూ కలిపి అయోమయం చేస్తే నమ్మకండి.) ల్యాబ్‌లో వాటికి రకరకాల మందులు పోసి ఎముకగా, కొవ్వుగా, మృదులాస్థిగా మార్చగలం. అంతే. ఊపిరితిత్తి గోడగా మారవు. వాటికి 1991లో స్టెమ్ సెల్స్ అని పేరు పెట్టిన ఆర్నాల్డ్ కాప్లన్ అనే శాస్త్రవేత్తే 2017లో, ఆ పేరు మార్చండి, జనాన్ని తప్పుదోవ పట్టిస్తోంది అని వ్యాసం రాశాడు. పేరు పెట్టినాయనే మొత్తుకున్నా ఎవడూ మార్చలేదు, స్టెమ్ సెల్ అంటేనే గిరాకీ మరి.

చేతి నరం నుంచి ఎక్కిస్తే ఏమవుతుందంటే, ఒక్కో కణం 15 నుంచి 30 మైక్రాన్లు ఉంటుంది, ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాలు 10 మైక్రాన్ల లోపే, అందుకని ఎక్కువ భాగం అక్కడే ఇరుక్కుపోతాయి. గుండెకో మెదడుకో వాడాలనుకునేవాళ్ళకి ఇదో తలనొప్పి. ఊపిరితిత్తుల వాళ్ళకి మాత్రం, చేరాల్సిన చోటికి అవే చేరుతున్నాయి కదా అని ఆశ పుట్టించింది. ఇరుక్కున్నవి ఒకటి రెండు రోజుల్లో చాలావరకు మాయమైపోతాయి. ఆ కాస్త టైమ్‌లోనే మంట (తెల్ల కణాల దాడితో లోపల వచ్చే వాపు) తగ్గించే పదార్థాలు, గోడ అతుక్కోవడానికి పనికొచ్చే పదార్థాలు విడుస్తాయి. ఎలుకల్లో అయితే తమ మైటోకాండ్రియాని (కణానికి శక్తినిచ్చే భాగాల్ని) పక్క కణాలకి దానం చేయడం కూడా 2012లో చూశారు. ఇంకో విచిత్రం, చచ్చిన ఎమ్మెస్సీలని మన తెల్ల కణాలు తినేసి, ఆ తిన్నవి శాంతపడతాయని కొన్ని ప్రయోగాలు చెబుతున్నాయి. అంటే ఇవి వచ్చి ఇల్లు కట్టే మేస్త్రీలు కావు, గొడవ పడుతున్నవాళ్ళ మధ్యకి వచ్చి కాసేపు సర్దిచెప్పి వెళ్ళిపోయే పెద్దమనుషులు. "కొత్త ఊపిరితిత్తులు పుట్టుకొస్తాయి" అన్న ఆ ఒక్క మాటతోనే అతనికి ఈ సబ్జెక్ట్ తెలీదని, లేదా తెలిసే అబద్ధమాడుతున్నాడని నాకు అర్థమైంది.

ఈ ఆలోచన కోవిడ్‌తో పుట్టలేదు. కాలిఫోర్నియాలో మైకేల్ మాథే అనే డాక్టరు బృందం అంతకు చాలా ముందు నుంచే ఆర్డ్స్‌లో దీన్ని పరీక్షిస్తోంది. 2015లో 9 మందికి ఇచ్చి, ప్రమాదం లేదు అని తేల్చారు. తర్వాత 60 మంది, 40 మందికి కణాలు, 20 మందికి ఉత్త ద్రవం, కిలో బరువుకి కోటి కణాల లెక్కన. 2019లో ఫలితం వచ్చింది. 28 రోజుల్లో కణాలు తీసుకున్నవాళ్ళలో 30 శాతం, ఉత్త ద్రవం తీసుకున్నవాళ్ళలో 15 శాతం పోయారు. కంగారు పడకండి, కణాలవైపు వచ్చిన రోగులు మొదటే ఎక్కువ సీరియస్‌గా ఉన్నారు, ఇంత తక్కువమందిలో ఆ తేడాని లెక్కలోకి తీసుకోలేం. కానీ లాభం కనిపించలేదన్నది మాత్రం నిజం.

నాకు ఆ పేపర్‌లో ఒక అంకె మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కరిగించాక బతికున్న కణాలు ఒక్కో రోగికి ఒక్కోలా, 36 శాతం నుంచి 85 శాతం దాకా ఉన్నాయి. అంటే కొందరికి వెళ్ళినవాటిలో మూడింట రెండొంతులు శవాలే. పెద్ద యూనివర్సిటీ ఆసుపత్రులు, ఆరితేరినవాళ్ళు, అయినా అంత తేడా. బతికినవి ఎక్కువున్న డోసు అందినవాళ్ళ రక్తంలో, రక్తనాళాలు కారుతున్నాయని చెప్పే ఒక గుర్తు తగ్గింది కూడా. కాబట్టి మందు పనిచేయలేదా, మందు అందనేలేదా అన్న అనుమానం అలాగే మిగిలిపోయింది.

ఆ అనుమానం నేను చేత్తో పట్టుకుని చూశాను కాబట్టి కాస్త చెప్పనివ్వండి. కణాల సంచి ద్రవ నైట్రోజన్ ట్యాంకులో, సున్నాకి 150 డిగ్రీల కంటే కింద ఉంటుంది. గడ్డకట్టేటప్పుడు మంచు స్ఫటికాలు కణాన్ని చీల్చకుండా డీఎమ్ఎస్ఓ అనే ద్రవం కలుపుతాం. గడ్డగా ఉన్నంతసేపు అది రక్షణ, కరిగాక అదే విషం. 37 డిగ్రీల నీళ్ళలో సంచి రెండు మూడు నిమిషాల్లో కరుగుతుంది, ఆ క్షణం నుంచి గడియారం మొదలు. ఒక చుక్క తీసి నీలం రంగు కలిపి మైక్రోస్కోప్ కింద చూస్తే, చచ్చిన కణాలు రంగు పీల్చుకుని నీలంగా కనిపిస్తాయి, బతికినవి మెరుస్తుంటాయి. మా ట్రయల్‌లో 70 శాతం కంటే తక్కువ బతికుంటే పంపకూడదు. 2021 ఏప్రిల్‌లో ఒక రాత్రి కరిగించి కిందికి పంపాక లిఫ్ట్ ఆగిపోయింది, ఐసీయూలో ఆ రోగికి బీపీ పడిపోయి డాక్టర్లు దానిలో ఉన్నారు, సంచి బల్ల మీద 2 గంటలు కూర్చుంది. మళ్ళీ లెక్కపెడితే 50 దాటలేదు. పారేశాం. కింద ఆ రోగి మామగారు "అమ్మా, ఎక్కించారా?" అని అడిగితే ఏం చెప్పాలో నాకు నోరు రాలేదు. ఇప్పుడు మీరు చెప్పండి, మీ బాబాయికి తెలిసినతను ఆ సంచి ఎక్కడ నుంచి తెస్తాడు, దేంట్లో తెస్తాడు, ఎవరు కరిగిస్తారు, ఎవరు లెక్కపెడతారు? ఐస్‌క్రీమ్ డబ్బాలాంటి దాంట్లో ఐస్ ముక్కల మధ్య తెచ్చినవి నేను కళ్ళారా చూశాను.

సరే, 91 శాతం. ఆ అంకె నిజమే, అతను కల్పించలేదు. మయామీలో కమిలో రికార్డి బృందం 24 మంది కోవిడ్ ఆర్డ్స్ రోగుల మీద చేసింది, 2021 జనవరిలో వచ్చింది. బొడ్డుతాడు కణాలు 10 కోట్ల చొప్పున, 3 రోజుల తేడాతో రెండు డోసులు. 31వ రోజుకి కణాలు తీసుకున్నవాళ్ళలో 91 శాతం బతికున్నారు, తీసుకోనివాళ్ళలో 42 శాతం. వినడానికి అద్భుతం. కానీ ఒక్కో పక్క 12 మందే. ఒక్క మనిషి అటు నుంచి ఇటు వస్తే 8 శాతం మారిపోతుంది. 12 మందిలో ఒకరికి షుగర్ ఎక్కువ, ఇంకొకరు వచ్చేసరికే కిడ్నీలు దెబ్బతిన్నాయి, అలాంటివి ఒకవైపు రెండు ఎక్కువ పడితే చాలు. అసలు ఆ ట్రయల్ మొదటి ఉద్దేశం ప్రమాదం ఉందా లేదా చూడటం. జకార్తాలో 40 మంది మీద చేశారు, కణాలు తీసుకున్న 20 మందిలో 10 మంది, తీసుకోని 20 మందిలో 4 గురు బతికారు. ఇది కూడా కణాల గెలుపే, కానీ మామూలు వైద్యం వైపు 20లో 16 మంది పోయారంటే అక్కడ రోగులు ఎంత ముదిరాక వచ్చారో ఆలోచించండి. మీ కేసుకి బాగా దగ్గరది చైనాది, కోవిడ్ కాదు, 2013-14లో పక్షుల నుంచి వచ్చిన హెచ్7ఎన్9 ఫ్లూ. 17 మందికి ఇచ్చారు (ఆ కణాలు ఆడవాళ్ళ నెలసరి రక్తం నుంచి తీసినవి, ఇది చెప్పగానే మా ల్యాబ్‌లో కొత్త పిల్లలు ఉలిక్కిపడతారు), ముగ్గురు పోయారు. ఇవ్వని 44 మందిలో 24 మంది పోయారు. లాటరీ వేసి విడగొట్టింది కాదు. ఎవరికి ఇవ్వాలో మనిషి ఎంచితే, తెలిసో తెలియకో కాస్త బాగున్నవాళ్ళే అటు వెళ్తారు. నేనైనా అదే చేస్తాను.

దూరపు కొండలు నునుపు అన్నట్టు చిన్న ట్రయల్స్ అన్నీ ముచ్చటగా ఉంటాయి, దగ్గరికి వెళ్తే రాళ్ళు. అమెరికాలో పెద్దది చేశారు, ఎముక మజ్జ కణాలతో తయారైన రెమెస్టెమ్‌సెల్ అనే మందు. 300 మంది అనుకున్నారు, 222 మంది అయ్యేసరికి, ఇక కొనసాగించినా లాభం తేలదు అని పర్యవేక్షణ కమిటీ ఆపించింది. అది 2020 డిసెంబర్. నెలలోపు కణాలు తీసుకున్నవాళ్ళలో 37.5 శాతం, తీసుకోనివాళ్ళలో 42.7 శాతం పోయారు. ఆ తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చు. ఫ్రాన్స్‌లో 45 మంది మీద చేస్తే వారం రోజులకి ఆక్సిజన్‌లో తేడా లేదు. బ్రిటన్‌లో బెల్‌ఫాస్ట్ వాళ్ళు 60 మందితో చేశారు, 40 కోట్ల కణాలు ఇచ్చారు, అక్కడా ఆక్సిజన్ మెరుగుపడలేదు. మీరు 91 విన్నారు, ఇవి వినలేదు, ఎందుకంటే ఇవి చెబితే ఎకరం అమ్ముడుపోదు.

అదే 2020లో ఇంకో మందు ఫలితం వచ్చింది. డెక్సామెథాసోన్, మన ఊరి మెడికల్ షాపులో కొన్ని రూపాయలకి దొరికే స్టెరాయిడ్. బ్రిటన్‌లో 6 వేల మందికి పైగా రోగులతో లాటరీ వేసి పరీక్షించారు. వెంటిలేటర్ మీదున్న కోవిడ్ వాళ్ళలో చావులు 41.4 శాతం నుంచి 29.3కి దిగాయి. అంత పెద్ద లెక్కలో కనిపించింది కాబట్టే ప్రపంచమంతా వారంలో వాడటం మొదలుపెట్టింది. మంట తగ్గించడమే పని అయితే 5 రూపాయల బిళ్ళ చేసింది, లక్షల రూపాయల సంచి చేయలేకపోయింది. ఇది చదివి నాన్నగారికి స్టెరాయిడ్ ఎందుకివ్వడం లేదని డాక్టర్ల మీదకి వెళ్ళకండి మళ్ళీ. ఫ్లూలో కథ వేరు, కోవిడ్‌లో ఉన్నంత గట్టి రుజువు లేదు, స్టెరాయిడ్ ఇచ్చిన ఫ్లూ రోగులు ఎక్కువగా పోయినట్టు పరిశీలనల్లో కనిపించింది. పైగా షుగర్ మనిషి, స్టెరాయిడ్‌తో షుగర్ పెరిగితే ఫంగస్‌కి దారి దొరుకుతుంది. 2021లో బ్లాక్ ఫంగస్‌తో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోవడం మనం చూశాం కదా.

కణాలు ప్రమాదం లేనివేనా అని కూడా అడిగారు. ట్రయల్స్‌లో సరిగ్గా తయారుచేసి సరిగ్గా ఇచ్చినవి మొత్తం మీద సురక్షితంగానే ఉన్నాయి, అది ఒప్పుకోవాలి. కానీ ఈ కణాల పైన రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్ ఒకటి ఉంటుంది, టిష్యూ ఫ్యాక్టర్ అని, బొడ్డుతాడు, మాయ, కొవ్వు కణాల మీద మజ్జ కణాల కంటే ఎక్కువ. ఆర్డ్స్‌లో ఊపిరితిత్తుల రక్తనాళాలు ఇప్పటికే చిన్న చిన్న గడ్డలతో ఉంటాయి, అందులో లెక్కాజమా లేని కణాల్ని గబగబా తోస్తే గోరుచుట్టు మీద రోకటిపోటే. శుభ్రంగా తయారుకాని సంచిలో బ్యాక్టీరియా ఉంటే ఆ సంగతి చెప్పక్కర్లేదు. "కణాలు కాదండీ, ఎక్సోసోములు, అంతకంటే సేఫ్" అని మాట మార్చినా (కణాలు విడిచే అతి సూక్ష్మమైన తిత్తులు అవి) అదే జవాబు. 2019 డిసెంబర్‌లోనే అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ, అనుమతి లేని ఎక్సోసోముల గురించి జనాన్ని హెచ్చరించింది, వాటివల్ల అక్కడి నెబ్రాస్కా రాష్ట్రంలో రోగులు సీరియస్ అయ్యారు.

అతను ఇంకో కాగితం చూపించవచ్చు, "ఎఫ్‌డీఏ ఆమోదించింది" అని. నిజమే, పైన చెప్పిన రెమెస్టెమ్‌సెల్‌నే 2024 డిసెంబర్‌లో ఆమోదించింది. దేనికి? ఎముక మజ్జ మార్పిడి తర్వాత కొత్త కణాలు పిల్లల శరీరం మీద తిరగబడే జబ్బుకి, అదీ స్టెరాయిడ్‌కి లొంగనప్పుడు. మన దగ్గర కూడా బెంగళూరులో తయారయ్యే స్టెంప్యూసెల్‌కి కాలి రక్తనాళాలు మూసుకుపోయే ఒక జబ్బుకి, 2022లో మోకాలి కీళ్ళ అరుగుదలకి అనుమతి వచ్చింది. ఊపిరితిత్తులకి కాదు. ఒక జబ్బు అనుమతి ఇంకో జబ్బుకి చూపించడం ఎలాంటిదంటే, ట్రాక్టర్ లైసెన్స్‌తో విమానం నడుపుతానన్నట్టు.

కణ వైద్యంలో నాకు నిజంగా ఆశ ఉన్నది వేరే దారి, మీకు ఇప్పుడు పనికిరాదు కానీ చెబుతాను. వైరస్‌ని గుర్తుపట్టి చంపే టి కణాలు మనలో ఉంటాయి. మజ్జ మార్పిడి చేయించుకున్నవాళ్ళలో, అవయవ మార్పిడి వాళ్ళలో అవి పనిచేయవు, మామూలు అడినోవైరస్ కూడా ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. వాళ్ళకి ఆరోగ్యవంతుడి టి కణాల్లో ఆ వైరస్‌కి తర్ఫీదైనవి ఏరి, పెంచి ఇస్తారు. ఎప్‌స్టైన్ బార్ వైరస్ తెచ్చే ఒక రకం గడ్డలకి అలాంటి మందు 2022 డిసెంబర్‌లో యూరప్‌లో ఆమోదం కూడా పొందింది. కోవిడ్‌కి కోలుకున్నవాళ్ళ టి కణాలతో ప్రయత్నాలు జరిగాయి. ఇక్కడా ఎదురుదెబ్బలు లేకపోలేదు, ఒకేసారి 6 వైరస్‌ల మీదికి పంపిన పోసోల్యూసెల్ అనే దాని పెద్ద ట్రయల్స్‌ని లాభం తేలేట్టు లేదని 2023 చివర్లో ఆపేశారు. ఏదేమైనా నాన్నగారి సమస్య సైన్యం చాలకపోవడం కాదు, సైన్యం ఎక్కువవడం. ఆయనకి టి కణాలు ఇస్తే మంటలో పెట్రోలు పోసినట్టే.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోండి, బాబాయితో వాదనకి అది బాగా పనికొస్తుంది. కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ శాఖ డీబీటీ కలిసి ఇచ్చిన 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త జబ్బులకి చేసే మజ్జ మార్పిడి లాంటివి, అనుమతి పొందిన మందులు తప్ప మిగతా స్టెమ్ సెల్ వాడకమంతా ట్రయల్‌లోనే జరగాలి, ప్రయోగానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. 2019 క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ఇలాంటి కణాలు కొత్త మందు కింద లెక్క, కేంద్ర డ్రగ్ కంట్రోలర్ అనుమతి కావాలి, ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం వాళ్ళే ఇవ్వాలి. ప్రతి ట్రయల్ సీటీఆర్ఐ అనే సైట్‌లో నమోదై ఉంటుంది, ఎవరైనా ఫోన్‌లో వెతుక్కోవచ్చు. కాబట్టి అతన్ని ఒక్కటే అడగండి: "సీటీఆర్ఐ నంబర్ ఎంత?" నంబర్ ఉంటే 9 లక్షలు ఎందుకు? 9 లక్షలు అడుగుతున్నాడంటే నంబర్ ఎందుకు ఉంటుంది? నిజమైన ట్రయల్ ఏదైనా దొరికితే, మీ ఐసీయూ డాక్టరు ఒప్పుకుంటే, చేరండి. నేను వద్దనను, అలా చేరినవాళ్ళ వల్లే ఈ మాత్రం తెలిసింది. కోవిడ్ రోజుల్లో కృష్ణపట్నం మందు కోసం అంబులెన్స్‌లతో సహా క్యూ కట్టిన జనాన్ని చూసి నవ్వినవాళ్ళున్నారు, నాకు నవ్వు రాలేదు. ఆశ కోసం పరుగెత్తడం తప్పు కాదు. కృష్ణపట్నంలో కనీసం పొలం అడగలేదు.

ఇప్పుడు ఆ తొమ్మిది లక్షల తాపత్రయమంతా ఐసీయూ డాక్టర్ని అడగాల్సిన ప్రశ్నల మీద పెట్టండి. మొదటిది పీఎఫ్ నిష్పత్తి. రక్తంలో ఆక్సిజన్ అంకెని, వెంటిలేటర్ ఇస్తున్న ఆక్సిజన్ వాటాతో భాగిస్తే వచ్చేది. రక్తంలో 60, మెషిన్ 60 శాతం ఇస్తోందంటే 60ని 0.6తో భాగించి 100. ఆరోగ్యంగా ఉంటే 400 పైన, 100 దాకా పడితే తీవ్రమైన ఆర్డ్స్. మూడు రోజులుగా అది పైకా కిందికా అడగండి, ఒక్కరోజు అంకె చూసి ఏడవకండి. రెండోది బోర్లా పడుకోబెడుతున్నారా, రోజుకి ఎన్ని గంటలు. 2013లో ఫ్రాన్స్ ట్రయల్‌లో తీవ్రమైన ఆర్డ్స్ వాళ్ళని రోజుకి 16 గంటలు అటుఇటుగా బోర్లా ఉంచితే 28 రోజుల చావులు 32.8 నుంచి 16 శాతానికి, అంటే సగానికి పడ్డాయి. సంచి కాదు, ఇంజెక్షన్ కాదు, నలుగురు మనుషులు జాగ్రత్తగా తిప్పడం! నాన్నగారు లావైన మనిషైతే నర్సులు తక్కువున్నచోట దీన్ని వాయిదా వేస్తుంటారు, గట్టిగా కాదు, మర్యాదగానే అడగండి. మూడోది వెంటిలేటర్ ఒక్కో ఊపిరికి ఎంత గాలి తోస్తోంది. ఎత్తుని బట్టి లెక్కేసిన బరువుకి కిలోకి 6 మిల్లీలీటర్ల దగ్గర ఉండాలి. అంతకు రెట్టింపు తోసే పాత పద్ధతితో పోలిస్తే దీనివల్ల చావులు 40 నుంచి 31 శాతానికి తగ్గాయని 2000లోనే తేలింది.

నాలుగోది నాన్నగారి విషయంలో నాకు కాస్త భయమున్నది. ముదిరిన ఫ్లూ మీద ఆస్పర్జిల్లస్ అనే ఫంగస్ వచ్చి కూర్చుంటుంది. నెదర్లాండ్స్, బెల్జియం ఐసీయూల్లో 432 మంది ఫ్లూ రోగుల్ని చూస్తే 19 శాతం మందిలో దొరికిందని 2018లో రాశారు. షుగర్ ఉంది, 8 రోజులైంది, ఇంకా మెరుగు లేదంటున్నారు కాబట్టి, గొట్టంలోంచి ద్రవం తీసి గలాక్టోమానన్ పరీక్ష చేశారా అని అడగండి. ఉంటే దానికి మందుంది. ఇక ఎక్మో, అంటే రక్తాన్ని బయటికి తీసి ఆక్సిజన్ పట్టించి పంపే మెషిన్. దానికి వేళ ఉంటుంది. వెంటిలేటర్ మీద వారం దాటినకొద్దీ ఫలితం తగ్గుతుంది, కాబట్టి పనికొస్తుందా రాదా అన్నది రేపటికి వాయిదా వేయకుండా ఇవాళే తేల్చుకోండి. ఖర్చు చాలా ఎక్కువ, రోజూ పెరుగుతుంది, కానీ పొలం మాట ఎత్తాల్సిన సందర్భం అంటూ వస్తే అది దీనికి, ఆ సంచికి కాదు.

ఇంకొక్కటి, మీ అక్కలాంటిదాన్ని అనుకుని వినండి. ఊపిరితిత్తుల్లో వాటి సొంత మూలకణాలు ఉన్నాయి. గాలి గదుల మూలల్లో టైప్ టూ అనే గుండ్రటి కణాలుంటాయి, గోడ కాలిపోయినచోటికి అవే పాక్కుంటూ వెళ్ళి, చదునై, కొత్త గోడగా మారతాయి. అతను 9 లక్షలకి చేస్తానన్న పని నాన్నగారి ఒంట్లో ఇప్పటికే మొదలై ఉండొచ్చు. వెంటిలేటర్, బోర్లా పడుకోబెట్టడం, ఇవన్నీ ఆ కణాలకి టైమ్ కొనిపెట్టడానికే. టొరంటోలో ఆర్డ్స్ నుంచి బయటపడ్డ 109 మందిని 5 ఏళ్ళు వెంటపడి చూశారు, ఊపిరితిత్తుల పరీక్షలు దాదాపు మామూలుగా ఉన్నాయి. కానీ 6 నిమిషాల్లో నడవగలిగిన దూరం ఉండాల్సినదాంట్లో 76 శాతమే, కండలు కరిగిపోయి, మనసు కుంగిపోయి. కాబట్టి ఆయన లేచాక డబ్బు కావాల్సింది అప్పుడు, ఫిజియోథెరపీకి, నెలల తరబడి తిండికి, ఇంట్లో ఆక్సిజన్ మెషిన్‌కి, ఆ ఏడాది పొలం ఎవరో ఒకరు చూసుకోవడానికి.

పొద్దున డాక్టర్ల రౌండ్స్ ఎన్నింటికో కనుక్కుని, ఆ టైమ్‌కే వెళ్ళండి. పీఎఫ్ అంకె, బోర్లా ఎన్ని గంటలు, ఒక్కో ఊపిరికి ఎంత గాలి, ఫంగస్ పరీక్ష, ఎక్మో, ఈ ఐదూ కాగితం మీద రాసుకుని వెళ్ళి వాళ్ళు చెప్పినది పక్కనే రాసుకోండి, ఆ గాభరాలో గుర్తుండదు. ఆ అంకెలు నాకు పంపితే, నాతో ట్రయల్‌లో పనిచేసిన ఐసీయూ డాక్టరు ఒకాయన ఉన్నారు, ఆయన్ని అడిగి సాయంత్రంలోగా రాస్తాను. అతను మళ్ళీ ఫోన్ చేస్తే నంబర్ మాట అడిగి చూడండి, ఏమన్నాడో అది కూడా రాయండి.